కాదంటున్నది ఏ దేవుణ్ణి?

శ్రీకాకుళం, విజయనగరం జిల్లాలకు దేవుడి మీద ప్రశ్నలు కొత్త కాదు. 1910లో హేలీ తోకచుక్క వచ్చినప్పుడు విజయనగరంలో గురజాడ రాసిన ముత్యాల సరాల్లోనే మతాలన్నీ మాసిపోతాయని, జ్ఞానమొక్కటే నిలిచి వెలుగుతుందని ఉంది. 1967-70 మధ్య వెంపటాపు సత్యనారాయణ, ఆదిభట్ల కైలాసం అనే ఇద్దరు ఉపాధ్యాయులు నడిపిన గిరిజన పోరాటంతో మార్క్స్ పేరు ఏజెన్సీ కొండలదాకా ఎక్కింది. ఇప్పుడు అవే ప్రశ్నలు రీల్స్‌లో, హాస్టల్ గదుల్లో, వాట్సాప్ గ్రూపుల్లో తిరుగుతున్నాయి. సండే స్కూల్లో వాక్యాలు కంఠతా పట్టిన పిల్లలు ఇంజినీరింగ్ రెండో ఏడుకి వచ్చేసరికి "నేను చర్చికి రానమ్మా" అంటున్నారు. ఇంట్లో టెన్షన్ మొదలవుతుంది. పాస్టరు అయ్యగారిని పిలిచి ప్రార్థన చేయిస్తారు. పిల్లవాడి ప్రశ్న మాత్రం ఎక్కడిదక్కడే ఉండిపోతుంది.

నేను క్రైస్తవుణ్ణి. బైబిలు చెప్పే దేవుడు నిజంగా ఉన్నాడని నమ్ముతాను, ఆ నమ్మకానికి కారణాలున్నాయనీ నమ్ముతాను. అయితే జవాబులకు ముందు చిక్కు విప్పాలి, ఎందుకంటే దేవుడి మీద వేసే ప్రశ్నలన్నీ ఒక్క జాతివి కావు. కొన్ని ప్రశ్నలు మనం ఎన్నడూ నమ్మని దేవుణ్ణి కాదంటాయి. కొన్ని పైకి దేవుడి మీద వేసినట్టు కనిపించినా నిజానికి సంఘం మీద వేసినవి, వాటికి మనం తల వంచాల్సిందే. ఇక కొన్ని సూటిగా ఆయన మీదే వేసినవి, అవి బైబిల్లోనే మొదట వినిపిస్తాయి. ఈ తేడా చూడకుండా అన్నిటికీ ఒకే కేక వేసి జవాబు చెప్పబోతే మనమూ ఓడతాం, అడిగినవాడూ నష్టపోతాడు.

"దేవుణ్ణి ఎవరు చేశారు?"

చిన్నపిల్లలూ ఇదే అడుగుతారు, తత్వవేత్తలూ ఇదే అడిగారు. 1927లో లండన్‌లో చేసిన ప్రసంగంలో బెర్ట్రాండ్ రసెల్ అన్నది కూడా ఇదే: ప్రతిదానికీ కారణం ఉండాలంటే దేవుడికీ ఉండాలి, కారణం లేకుండా ఏదైనా ఉండగలిగితే ఈ లోకమే అలా ఉండొచ్చు.

వినడానికి గట్టిగానే ఉంటుంది. కానీ పదమూడో శతాబ్దంలో క్రైస్తవ పండితుడు థామస్ అక్వినాస్ "ప్రతిదానికీ కారణం ఉంది" అని వాదించలేదు. ఉండటానికీ, ఉండకపోవడానికీ కూడా వీలున్నది ఏదైనా సరే, అది ఉందంటే దాని ఉనికి ఇంకెక్కడినుంచో వచ్చి ఉండాలన్నాడు. మన పొలాల్లో చూస్తే తెలుస్తుంది. హిరమండలం దగ్గర గొట్టా బ్యారేజీ నుంచి వంశధార నీళ్లు కాలువల్లోకి మళ్లుతాయి. శివారు మడిలో నిలబడి ఈ నీళ్లెక్కడివి అంటే పై మడివి అంటాం. దానికి? ఆ పై మడి నుంచి. మడి మీద మడి అంతులేకుండా పేర్చుకుంటూ పోయినా ఏ మడికీ సొంతంగా నీళ్లు లేవు. ఎక్కడో నది ఉంటేనే శివారు మడి తడుస్తుంది. "మరి నదికి ఏ మడి నీళ్లిచ్చింది?" అని అడిగామంటే నదిని కూడా ఇంకో మడి అనుకున్నట్టే. నదికి వాన కావాలి కదా అంటారు. నిజమే, పోలిక అంతవరకే పనికొస్తుంది. దేవుడికి వాన కూడా అక్కర్లేదన్నదే క్రైస్తవులు చెప్పేది. ఆయన ఉనికి ఎవరి దగ్గరా అప్పు తెచ్చుకున్నది కాదు.

కాబట్టి ఎక్కడో ఆకాశంలో, లోకంలో ఉన్న వస్తువుల్లో కెల్లా పెద్ద వస్తువుగా కూర్చున్న దేవుడు లేడని ఎవరైనా నిరూపిస్తే మనం కంగారు పడనక్కర్లేదు. అలాంటి దేవుణ్ణి మనమూ నమ్మం. ఏథెన్సులో పౌలు చెప్పిన దేవుడు వేరు: "మనమాయనయందు బ్రదుకుచున్నాము, చలించుచున్నాము, ఉనికి కలిగియున్నాము."

ఈ వాదన మనల్ని యేసుక్రీస్తు దగ్గరికి తీసుకెళ్లదు. అంత చేస్తుందని చెప్పడం అబద్ధం. 1948లో కాప్లస్టన్ అనే జెస్యూట్ గురువుతో బీబీసీ రేడియోలో వాదిస్తూ రసెల్ విశ్వం ఊరికే ఉంది, అంతేనన్నాడు. అలా అని ఆగిపోయే స్వేచ్ఛ ఎవరికైనా ఉంది. కాకపోతే ప్రతి చిన్న విషయానికీ కారణం వెతికే బుద్ధి, అన్నిటికన్నా పెద్ద విషయం దగ్గరికొచ్చాక వెతకడం మానెయ్యాలని అంటోంది. ఎందుకు మానెయ్యాలో మాత్రం చెప్పడం లేదు.

సైన్సు ఎవరి పక్షం?

రసెల్ ఆ ప్రసంగం చేసిన 1927లోనే బెల్జియంలో జార్జ్ లెమైత్ర్ విశ్వం వ్యాకోచిస్తోందని లెక్కలు కట్టి ప్రచురించాడు. 1931 నాటికి అంతా ఒకే ఆదిమ అణువు నుంచి మొదలైందన్న ఆలోచన ముందుకు తెచ్చాడు. ఇవాళ మనం బిగ్ బ్యాంగ్ అంటున్న సిద్ధాంతానికి పునాది అదే. ఆయన కేథలిక్ గురువు. మన పిల్లల్లో చాలామందికి ఈ సంగతి చెప్పినవాళ్లు లేరు. సైన్సు అంటే దేవుడికి ఎదురు నిలిచేదని నమ్మి చర్చి వదిలేస్తున్నారు.

ఆయన కథలో ఇంకో మలుపుంది, మన బోధకులకు అదే ముఖ్యం. 1951లో పోప్ పన్నెండో పయస్ ఈ సిద్ధాంతాన్ని సృష్టికి రుజువన్నట్టుగా మాట్లాడితే లెమైత్ర్‌కు నచ్చలేదు. సైన్సు మాట సైన్సుది, విశ్వాసం మాట విశ్వాసానిది అని ఆయన పట్టుబట్టాడు. రేపు సిద్ధాంతం మారితే విశ్వాసమూ మారాలా? సైన్సుకు ఇంకా అంతుపట్టని చోటల్లా దేవుణ్ణి నిలబెడితే, సైన్సు ఎదిగే కొద్దీ ఆ దేవుడు కుంచించుకుపోతాడు.

భూమి వయసు ఆరువేల ఏళ్లని వేదిక మీద గట్టిగా చెప్పేవాళ్లున్నారు. ఆ లెక్క బైబిల్లో ఎక్కడా రాసి లేదు. పదిహేడో శతాబ్దంలో ఐర్లాండు ఆర్చిబిషప్ జేమ్స్ అషర్ వంశావళులు కూడి, సృష్టి క్రీస్తుపూర్వం 4004లో జరిగిందని తేల్చాడు. శాస్త్రవేత్తలు విశ్వం వయసు సుమారు 1380 కోట్ల సంవత్సరాలంటున్నారు. ఆదికాండం మొదటి అధ్యాయంలో సూర్యుడు నాలుగో రోజున గానీ రాడు. ఆ "రోజు"లను ఎలా అర్థం చేసుకోవాలని సైన్సు పుట్టకముందే సంఘంలో తర్జనభర్జన జరిగింది. ఐదో శతాబ్దం మొదట్లో బిషప్ అగస్టీన్ హెచ్చరించాడు కూడా: ప్రకృతి విషయాల్లో అవిశ్వాసికి బాగా తెలిసిన సంగతిని క్రైస్తవుడు లేఖనం పేరు చెప్పి తప్పుగా మాట్లాడితే, పునరుత్థానం గురించి చెప్పినా ఇక ఎవరు నమ్ముతారని. డార్విన్‌కు దాదాపు పద్నాలుగు వందల ఏళ్ల ముందు మాట ఇది. భూమే సూర్యుడి చుట్టూ తిరుగుతుందన్నందుకు 1633లో గెలీలియోకు శిక్ష వేసినవాళ్లు దీన్ని పట్టించుకోలేదు. ఆ తప్పు సంఘానిది, ఒప్పుకోవాలి.

ఉద్దానంలో నిలబడి అడిగే ప్రశ్న

ఇప్పటిదాకా చెప్పినవి బుద్ధికి సంబంధించినవి. మన ప్రాంతంలో విశ్వాసం కదిలిపోయేది ఎక్కువగా ఇంకోచోట.

కవిటి, సోంపేట, కంచిలి, పలాస, వజ్రపుకొత్తూరు మండలాల కొబ్బరి, జీడి తోటల సీమ ఉద్దానం. రెండు దశాబ్దాలకు పైగా అక్కడ కిడ్నీలు పాడైపోతున్నాయి. నీటిలో ఏముంది, ఎండలో పనివల్లనా, పురుగుమందులా, నొప్పి మాత్రలా? ఇదీ కారణమని ఇంకా తేలలేదు. 2023 డిసెంబరులో పలాసలో 200 పడకల ఆస్పత్రి, పరిశోధన కేంద్రం వచ్చాయి. మా సంఘంలో ఒక అన్నయ్య ఉన్నారు, కొబ్బరి రైతు. ఎడమ చేతి మీద డయాలసిస్ కోసం రక్తనాళాలు కలిపి చేసిన ఫిస్టులా తాడు ముడిపడినట్టు ఉబ్బి ఉంటుంది. వారానికి మూడుసార్లు, నాలుగేసి గంటలు మిషను మీద ఉండాలి. రోజుకు ఇన్ని నీళ్లని డాక్టరు కొలత పెట్టారు. చర్చిలో ప్రభువు బల్ల ఇచ్చే ఆదివారం నాడు అందుకున్న ద్రాక్షారసం చిన్న కప్పును కూడా ఆయన ఆ రోజు లెక్కలో వేసుకుంటారు. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను తోటలను నేలకూల్చింది. కొబ్బరి మొక్క నాటితే కాపుకు రావడానికి ఏళ్లు పడుతుంది. అన్ని ఏళ్లు ఆయన ఎదురుచూడగలరా?

దేవుడికి శక్తి ఉండి కూడా ఆపడం లేదా? అయితే ఆయన మంచివాడు కాదు. ఆపాలని ఉన్నా ఆపలేడా? అయితే దేవుడే కాదు. గ్రీకు తత్వవేత్త ఎపిక్యూరస్ పేరుతో రెండువేల ఏళ్లకు పైగా నడుస్తున్న వాదన ఇది. 1955లో నాస్తిక తత్వవేత్త జె. ఎల్. మాకీ దీన్ని తర్కంగా బిగించి, సర్వశక్తిమంతుడూ మంచివాడూ అయిన దేవుడు, చెడు ఒకేచోట ఉండటం పొసగదన్నాడు. 1974లో క్రైస్తవ తత్వవేత్త ఆల్విన్ ప్లాంటింగా జవాబిచ్చాడు: నిజమైన స్వేచ్ఛ ఉన్న మనుషుల్ని చేసి, వాళ్లు ఎప్పుడూ మంచే ఎంచుకునేలా దేవుడే నడిపించడం సాధ్యం కాకపోవచ్చు, కాబట్టి రెండూ పొసగవని తర్కంతో నిరూపించలేమని. మాకీ చనిపోయాక 1982లో వెలువడిన ఆయన పుస్తకంలో ఆ మేరకు ఒప్పుకోలు ఉంది. ఇది అసలు పరిష్కారమేనా అన్న అనుమానం మాత్రం ఆయన వదల్లేదు. తత్వశాస్త్రంలో ప్రత్యర్థి ఇంత ఇచ్చుకోవడం అరుదు.

అయితే అన్నయ్య కిడ్నీలు పాడవడానికి ఎవరి స్వేచ్ఛ కారణం? తిత్లీని ఎవరు ఎంచుకున్నారు? 1979లో తత్వవేత్త విలియం రో ఈ వైపు నుంచే అడిగాడు. అడవి మంటల్లో కాలి, ఎవరికంటా పడకుండా రోజుల తరబడి బాధపడి చచ్చిపోయిన లేడిపిల్ల బాధ వల్ల ఏ మేలు జరిగింది? ఇక్కడ క్రైస్తవులు కొంత చెప్పగలరు. వేడెక్కిన అదే బంగాళాఖాతం మనకు వానా ఇస్తుంది, తుపానూ ఇస్తుంది. ఒక పద్ధతిగా నడిచే లోకంలోనే రైతు విత్తనం వేయగలడు, డాక్టరు మందు కనిపెట్టగలడు. ఆ పద్ధతి మనల్ని దెబ్బతీసినప్పుడల్లా దేవుడు దాన్ని నిలిపేస్తే పద్ధతే మిగలదు. ఇది జవాబులో కొంత భాగమే. ఇంత బాధ ఎందుకో, ఆ మనిషికే ఎందుకో ఇది చెప్పదు. నాకు తెలిసినంతలో ఎవరూ చెప్పలేదు. చెప్పగలమన్నవాళ్లను యోబు గ్రంథంలో దేవుడే గద్దించాడు. యోబు పడ్డ కష్టాలు పాపఫలమని నీతులు చెప్పిన స్నేహితుల మీద ఆయన కోపం రగిలింది. దేవుణ్ణే నిలదీసిన యోబు మాత్రం యుక్తమైనది పలికాడని ఆ చివరి అధ్యాయం అంటోంది.

అందుకే స్వస్థత కూటాల్లో కొందరు చేస్తున్నది చూస్తే నాకు కడుపు మండుతుంది. ఏదో దాచిన పాపం ఉందంటారు. విశ్వాసం చాలలేదంటారు. డయాలసిస్ మానితేనే దేవుడు పని చేస్తాడని చెప్పినవాళ్లూ ఉన్నారు. పుట్టు గుడ్డివాణ్ణి చూసి "ఎవరు పాపం చేశారు?" అని శిష్యులు అడిగితే యేసు ఇచ్చిన జవాబు యోహాను తొమ్మిదో అధ్యాయంలో ఉంది: "వీడైనను వీని కన్నవారైనను పాపము చేయలేదు." సిలోయములో గోపురం కూలి పద్దెనిమిది మంది చనిపోతే, వాళ్లు మిగతావాళ్లకన్నా పాపులనుకుంటున్నారా, కాదు అని లూకా పదమూడులో ఆయనే అన్నాడు. డబ్బు, ప్రార్థన తీసుకుని ఆరోగ్యం అమ్మే దేవుణ్ణి కాదనే నాస్తికుడు ఆ విషయంలో యేసుకు మనకన్నా దగ్గరగా ఉన్నాడు.

క్రైస్తవ విశ్వాసం దగ్గర ఉన్న అసలు మాట తర్కం కాదు. దేవుడు బాధకు బయట నిలబడి ఉపన్యాసం ఇవ్వలేదు. చనిపోయిన స్నేహితుడు లాజరు సమాధి దగ్గర యేసు కన్నీళ్లు విడిచాడు. అప్పటికే అతన్ని లేపబోతున్నానని ఆయనకు తెలుసు, అయినా ఏడ్చాడు. సిలువ మీద "నా దేవా, నా దేవా, నన్నెందుకు చెయ్యి విడిచితివి" అన్నాడు. దేవుడి మీద అతి పదునైన ప్రశ్నను దేవుని కుమారుడే వేశాడు. ఇది బాధకు కారణం చెప్పదు. బాధలో ఉన్నవాణ్ణి దేవుడు వదిలేశాడన్న వాదన మాత్రం ఇక నిలబడదు. డయాలసిస్ మంచం పక్కన కూర్చున్నప్పుడు నేను చెప్పగలిగింది ఇదొక్కటే, దీన్నే చెప్పాను.

బైబిలు మార్చేశారా?

దీనికి జవాబు చిన్నది. కొత్త నిబంధనకు అయిదు వేలకు పైగా గ్రీకు చేతిరాత ప్రతులున్నాయి. వాటి మధ్య తేడాలు లెక్కకు మించి ఉన్నాయి, ఎక్కువ భాగం అక్షరదోషాలు, మాటల వరుసలో మార్పులు. పోల్చి చూసుకోవడానికి ఇన్ని ప్రతులు ఉండబట్టే ఎక్కడ ఏం చేరిందో తెలుస్తోంది. మార్కు చివరి పన్నెండు వచనాలు అతి పాత ప్రతులు రెండింటిలో లేవు. పాముల్ని ఎత్తి పట్టుకోవడం, విషం తాగినా ఏమీ కాకపోవడం అన్న మాటలున్నది ఆ వచనాల్లోనే. వాటి మీద ఆధారపడి సాహసాలు చేయించే బోధకులు ఈ సంగతి సంఘానికి చెప్పి తీరాలి. పాత నిబంధన విషయానికొస్తే, 1947 నుంచి మృతసముద్రం పక్క గుహల్లో దొరికిన చుట్టల్లో యెషయా గ్రంథం మొత్తం ఉంది. అప్పటిదాకా మన దగ్గరున్న హీబ్రూ ప్రతికన్నా అది దాదాపు వెయ్యేళ్లు పాతది, గ్రంథం మాత్రం సారాంశంలో అదే.

యెహోషువ గ్రంథంలో దేవుని పేరున జరిగిన కనానీయుల సంహారం గురించి అడిగితే నా దగ్గర తేలికైన జవాబు లేదు. ఆ కాలపు యుద్ధభాషలో అతిశయోక్తి ఉందని పండితులంటారు, అది కొంత సాయపడుతుంది. పూర్తిగా కాదు.

త్రిత్వాన్ని, అంటే తండ్రి, కుమారుడు, పరిశుద్ధాత్మ ఒకే దేవుడన్న బోధను, 325లో నైసియా సభలో కాన్‌స్టాంటైన్ చక్రవర్తి కల్పించాడని, బైబిలు పుస్తకాలను ఏరిందీ ఆ సభేనని ఫోన్లలో తెగ తిరిగే ఇంకో మాట. బైబిల్లో ఏ పుస్తకాలు ఉండాలన్నది ఆ సభ తేల్చనే లేదు. నేటి ఇరవై ఏడు పుస్తకాల జాబితా 367లో బిషప్ అతనాసియస్ రాసిన ఉత్తరంలో కనిపిస్తుంది. సభ ముందున్న తగవు వేరు: కుమారుడు సృష్టించబడినవాడేనన్న ఏరియస్ అనే గురువు బోధ. అంతకు రెండు వందల ఏళ్ల ముందే, సుమారు 112లో, రోమన్ గవర్నరు ప్లినీ చక్రవర్తికి రాస్తూ క్రైస్తవులు తెల్లవారకముందే చేరి క్రీస్తును దేవుడిగా స్తుతిస్తూ పాడతారని తెలిపాడు. నైసియా కొత్త దేవుణ్ణి తయారు చేయలేదు, విశ్వాసులు అప్పటికే మొక్కుతున్నవాడి గురించి మాట సరిచూసుకుంది. దేవుడు ప్రేమాస్వరూపి అని యోహాను అంటాడు. సృష్టి లేనప్పుడు ఆయన ఎవరిని ప్రేమించాడు? ఒంటరి దేవుడైతే ప్రేమ ఆయనకు తర్వాత వచ్చిన గుణమవుతుంది. తండ్రి, కుమారుడు, పరిశుద్ధాత్మల మధ్య ప్రేమ అనాదిగా ఉందన్న బోధకు ఈ ప్రశ్న అడ్డురాదు. నాకు త్రిత్వం లెక్కల చిక్కులా అనిపించడం మానింది ఇక్కడే.

"తెల్లోడి మతం"

ఈ ఆరోపణ మన జిల్లాల్లో బాగా వినిపిస్తుంది. యేసు పుట్టింది ఆసియాలో. లండన్ మిషనరీ సొసైటీ తరఫున క్రాన్, డెగ్రాంజెస్ 1805లో విశాఖపట్నం వచ్చేనాటికి ఈస్టిండియా కంపెనీ మిషనరీలంటే అనుమానంగానే చూసేది. వాళ్ల రాకకు చట్టంలో దారి ఏర్పడింది 1813 చార్టర్ చట్టంతో. తెలుగులో సువార్తలు తయారైంది బ్రాహ్మణ కుటుంబం నుంచి క్రైస్తవుడైన ఆనందరాయర్ సాయంతో. పర్లాకిమిడి ప్రాంతంలో 1803లో పుట్టిన పురుషోత్తమ చౌదరి మన రాగాల్లో కట్టిన కీర్తనలు నేటికీ పల్లె చర్చిల్లో పాడుతున్నారు.

పాలపొడికి, గోధుమ నూకలకు మారారంటారు. ఎవరో కొందరు మారి ఉండొచ్చు. కానీ 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం దళితుడు క్రైస్తవుడైతే ఎస్సీ హోదా పోతుంది. మన రాష్ట్రంలో అతనికి దొరికేది బీసీ-సీ కింద ఒక్క శాతం కోటా. లాభం కోసమైతే ఇది తలకిందుల బేరం. మైకు పెట్టి ఇరుగుపొరుగు దేవతలను తిట్టడం మాత్రం మనవాళ్ల తప్పే. అరసవల్లి, శ్రీకూర్మం ఉన్న నేల మీద బతుకుతున్నాం. ఎఫెసులో పౌలు సహచరులు తమ దేవతను దూషించలేదని ఊరి కరణమే సాక్ష్యం చెప్పాడని అపొస్తలుల కార్యాల్లో ఉంది.

మార్క్స్ 1844లో మతాన్ని మత్తుమందు అనడానికి ముందు వాక్యంలోనే దాన్ని అణగారిన ప్రాణి నిట్టూర్పు అన్నాడు. ఆ నిట్టూర్పు నిజం. ఓదార్పు కావాలని ఉంది కాబట్టి ఓదార్చేవాడు లేడని తేలదు. ఉన్నాడనీ తేలదు. ఒక నమ్మకం ఎలా పుట్టిందో తెలిసినంత మాత్రాన అది అబద్ధమని రుజువు కాదు. శత్రువును ప్రేమించు, కూలివాడి కూలి పట్టి ఉంచకు అనే దేవుడు మన కోరికలు కల్పించుకునే దేవుడు కాడు కూడా.

తేలాల్సింది ఎక్కడ?

పైన చెప్పినవన్నీ దారిలో రాళ్లు తీయడమే. క్రైస్తవ విశ్వాసం నిలబడేదీ పడేదీ ఒక చోట, అది పౌలే చెప్పాడు: క్రీస్తు లేపబడకపోతే మా ప్రకటన వ్యర్థం, మీ విశ్వాసం వ్యర్థం. అనుమానించేవారు ఇక్కడే మొదలుపెట్టాలని నేను కోరుకుంటాను.

యేసు పొంతి పిలాతు కింద మరణశిక్ష పొందాడని రోమన్ చరిత్రకారుడు టాసిటస్ రాశాడు, అతనికి క్రైస్తవులంటే గిట్టదు. పౌలు సుమారు 55లో కొరింథీయులకు రాసిన పత్రికలో తాను అందుకున్న సాక్ష్యాన్ని వరుసగా చెబుతాడు: కేఫా (పేతురు), పన్నెండుగురు, ఐదు వందలకు పైగా సహోదరులు, యాకోబు. ఆ ఐదు వందల్లో ఎక్కువమంది ఇంకా బతికే ఉన్నారంటాడు, అంటే వెళ్లి అడగవచ్చని. తాను క్రీస్తును నమ్మిన మూడేళ్లకే యెరూషలేములో పేతురును, యాకోబును కలిశానని గలతీయులకు రాశాడు. ఖాళీ సమాధిని మొదట చూసింది స్త్రీలని సువార్తలు చెబుతాయి. ఆడవాళ్ల సాక్ష్యం చెల్లదని యూదు చరిత్రకారుడు జోసీఫస్ రాసిన కాలం అది. కథ కల్పించేవాడు అలాంటి సాక్షుల్ని ఎందుకు ఎంచుకుంటాడు?

శిష్యులు దుఃఖంలో భ్రమపడ్డారన్నది దీనికి ఎదురుగా వచ్చే వాదనల్లో గట్టిది. పేతురు విషయంలో అది కొంత నప్పుతుంది. యాకోబు మాత్రం యేసు బతికుండగా నమ్మని తమ్ముడు. తర్వాత యెరూషలేము సంఘానికి పెద్ద అయ్యాడు, అతన్ని రాళ్లతో కొట్టి చంపారని జోసీఫస్ రాశాడు. పౌలుకైతే యేసు చనిపోయినందుకు దుఃఖమే లేదు, నమ్మకముందు అతను విశ్వాసుల్ని చెరలో వేయించేవాడు. శోకం వల్ల కలిగిన భ్రమ అన్న వివరణ ఈ ఇద్దరికీ సరిపోదు. సరిపోయే ఇంకో వివరణ ఉంటే దాన్ని ముందు పెట్టమని అడుగుతున్నాను.